ముగింపు ముందే తెలిసిన కథ: రీజెన్సీ ప్రేమ నవలకు కట్టుబాట్లే ప్రాణం

రీజెన్సీ ప్రేమ నవలను, అంటే పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల ఇంగ్లండులో జరిగే ప్రేమ కథను, చేతిలోకి తీసుకునే పాఠకులకు చివరి పేజీలో ఏమి జరుగుతుందో మొదటి పేజీ తెరవకముందే తెలుసు. అపార్థాలు తొలగుతాయి, నాయికా నాయకులు ఒకటవుతారు, పెళ్ళి జరుగుతుంది. ఇంత తెలిసి కూడా ఒక నవలను తెల్లవారుజాము దాకా కింద పెట్టలేకపోవడం, అచ్చం అదే ముగింపు ఉన్న మరో నవలను సగంలో మూసేయడం ఈ తరహా కథలు చదివేవారందరికీ అనుభవమే. నాట్యశాలలూ, కొవ్వొత్తుల దీపగుచ్ఛాలూ, నడుము ఎత్తుగా కుట్టిన మస్లిన్ గౌన్లూ రెండింటిలోనూ ఉంటాయి కనుక ఆ తేడా అలంకరణ వల్ల వచ్చినది కాదు. ఆ కాలపు కట్టుబాట్లు కథను నిజంగా నడుపుతున్నాయా, లేక గోడకు తగిలించిన పటంలా వెనుక ఉండిపోయాయా అన్నదే అసలు తేడా.

ఇంగ్లండు రాజు మూడవ జార్జికి మతిస్థిమితం తప్పడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన పెద్ద కొడుకు రాజప్రతినిధిగా, అంటే రీజెంట్‌గా, ప్రమాణం చేశాడు. 1820 జనవరిలో తండ్రి మరణించి తాను నాలుగవ జార్జిగా సింహాసనం ఎక్కేదాకా సాగిన ఆ తొమ్మిదేళ్లే చరిత్రలో రీజెన్సీ. నవలాకారులు మాత్రం దానికి ముందూ వెనుకా మరికొన్ని ఏళ్లను కూడా ఈ పేరు కిందికే చేర్చుకుంటారు. జేన్ ఆస్టెన్ ప్రసిద్ధ నవలలు ఆరూ 1811కూ 1817 చివరికీ మధ్య అచ్చయ్యాయి. అయితే ఆమె రాసింది చారిత్రక నవల కాదు, తన కళ్లెదుటి జీవితం. ఒక అవివాహిత యువతి పరాయి పురుషుడికి ఉత్తరం రాస్తే ఏమవుతుందో ఆమె పాఠకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1935లో ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ ఆ కాలాన్ని కథారంగంగా తీసుకుని రాయడం మొదలుపెట్టిన తరువాతే రీజెన్సీ చారిత్రక ప్రేమ నవల ఒక ప్రత్యేక శాఖగా నిలదొక్కుకుంది. ఆస్టెన్‌కు లేని ఒక బరువు అప్పటి నుంచి ఈ రచయితల మీద పడింది: పాఠకులకు తెలియని కట్టుబాటును పాఠం చెప్పకుండా తెలియజేయాలి, తెలియజేసిన కొద్ది పేజీల్లోనే దాని మీద కథను నిలబెట్టాలి. ఈ శాఖలో మంచి రచనకూ సాధారణ రచనకూ తేడా చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ప్రేమ కథకు ఆలస్యం కావాలి. మొదటి అధ్యాయంలో చూసుకుని రెండో అధ్యాయంలో మనసు విప్పి చెప్పుకుంటే కథే లేదు. కానీ ఆ ఆలస్యానికి తగిన కారణం ఉండాలి. నేటి కాలంలో జరిగే ప్రేమ కథలకు ఇదే పెద్ద చిక్కు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థాన్ని రెండు వందల పేజీలు లాగితే పాఠకులు విసిగిపోతారు. రీజెన్సీ కాలం రచయితకు ఇచ్చే గొప్ప వరం ఏమిటంటే, అందులో మౌనానికి కారణం ఉంది. యువతి తన ప్రేమను ముందుగా చెప్పకూడదు. నిశ్చితార్థం అయిన పెద్దమనిషి మరో స్త్రీ మీద మనసు పడినా మాట వెనక్కి తీసుకోలేడు, తీసుకుంటే పరువు పోవడమే కాక వాగ్దానభంగం కింద కోర్టుకు కూడా ఎక్కవలసి రావచ్చు. ఆ నిశ్చయాన్ని రద్దు చేసుకునే వెసులుబాటు లోకం దృష్టిలో స్త్రీకే ఉంది, అదీ కొంత అప్రతిష్ఠను మోయగలిగితే. కనుక తొందరపడి ఇచ్చిన ఒక్క మాట మూడు జీవితాలను నెలల తరబడి కట్టిపడేయగలదు. ఇలా కట్టుబడిన మనిషి నోరు మెదపకపోతే పాఠకులకు విసుగు రాదు, గుండె బరువెక్కుతుంది.

ఉత్తరాల సంగతే చూడవచ్చు. నిశ్చితార్థం కాని యువతీ యువకులు ఉత్తరాలు రాసుకోవడం మర్యాదకు విరుద్ధం. పైగా 1840లో పెన్నీ పోస్టు వచ్చేదాకా తపాలా ఖర్చును సాధారణంగా ఉత్తరం అందుకున్నవారే చెల్లించేవారు, దూరాన్ని బట్టీ కాగితాల సంఖ్యను బట్టీ ఆ ఖర్చు పెరిగేది. అంటే ఇంటికి వచ్చిన ప్రతి ఉత్తరం గురించీ ఆ ఇంట్లో డబ్బు చెల్లించే పెద్దకు తెలిసే తీరుతుంది. ఈ ఒక్క వాస్తవం తెలిసిన రచయిత చేతిలో, ఉదయపు ఫలహారాల బల్ల దగ్గర తండ్రి ముందు పడిన ఒక మడత కాగితం ఎంతటి ఉత్కంఠనైనా పుట్టించగలదు. అది తెలియని రచయిత తన నాయిక చేత రోజుకో రహస్య లేఖ రాయించి, ఆ ఉత్కంఠను చేజేతులా పోగొట్టుకుంటాడు. చారిత్రక దోషాల మీద ఈ పాఠకులు అంత పట్టుదలగా ఉండడానికి పాండిత్య ప్రదర్శన కారణం కాదు. తప్పు దొర్లిన చోటల్లా బిగించిన తీగ ఒక చుట్టు వదులవుతుంది.

నాట్యానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఒక జంట వరసగా రెండు నాట్యాలు చేయడం మామూలే, అదే జంట మళ్లీ మళ్లీ కనిపిస్తే ఊరు మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది. అప్పటి కంట్రీ డాన్స్‌లో జంటలు బారుగా నిలబడి తమ వంతు కోసం ఎదురుచూసేవి. ఆ నిరీక్షణ కాస్తా వందమంది కళ్ల ముందు ఇద్దరికి దొరికే ఏకాంతంగా మారిపోయేది. తోడు వచ్చిన పెద్దావిడ కుర్చీలోంచి చూస్తూనే ఉంటుంది, మాట మాత్రం ఆమె చెవిన పడదు. నడుము మీద చెయ్యి వేసే వాల్ట్‌జ్ ఆ రోజుల్లో కొత్తగా వచ్చి కలవరం రేపిందంటే, అంతకుముందు చేతి తొడుగు మీదుగా వేళ్లు తాకడమే ఎంత పెద్ద సంగతో ఊహించవచ్చు. నాలుగు వైపులా తెరిచిన గుర్రపు బండిలో ఒక యువతి పరిచయస్తుడైన పెద్దమనిషి పక్కన కూర్చుని హైడ్ పార్కు చుట్టి రావచ్చు, ఎందుకంటే లోకమంతా చూస్తుంది. తలుపులు మూసిన బండిలో అదే ప్రయాణం ఆమె భవిష్యత్తునే మింగేస్తుంది. ఇలాంటి లోకంలో చేతి తొడుగు విప్పడం ఒక సంఘటన. శృంగారాన్ని ఎంత స్పష్టంగా రాయాలన్నది రచయిత ఇష్టం, పాఠకుల అభిరుచి కూడా. తలుపు దగ్గరే ఆగిపోయే నవలలూ, లోపలికి వెళ్లే నవలలూ రెండూ మెప్పు పొందాయి. కానీ తొడుగు విప్పడానికి విలువ లేని కథలో ఆపై ఏది విప్పినా విలువ ఉండదు.

పిలుపుల విషయం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా పట్టుబడుతుంది. ఆ కాలపు ఇంగ్లీషు పెద్దింటి సంభాషణలో మీరు, నువ్వు అన్న భేదం లేదు. అందరికీ ఒకటే మాట. ఆ భేదం చేయవలసిన పనంతా పేర్లు చేస్తాయి. పెద్ద కూతురిని ఇంటిపేరుతో మాత్రమే 'మిస్' అంటారు, చెల్లెళ్లకు సొంత పేరు కూడా చేర్చాలి. బిరుదు ఉన్నవాడిని స్నేహితులు సైతం బిరుదుతోనే పిలుస్తారు. పెళ్ళయి ఏళ్లు గడిచినా భర్తను 'మిస్టర్' చేర్చి ఇంటిపేరుతో పిలిచే భార్యలు అప్పుడు సామాన్యం. అందుకే రెండు వందల పేజీల తరువాత నాయిక నోటి నుంచి అతని సొంత పేరు మొదటిసారి జారినప్పుడు పాఠకులు ఊపిరి బిగబడతారు. 'మీరు' అంటూ వచ్చిన గొంతు ఒక్కసారి 'నువ్వు' అన్నప్పుడు తెలుగు కథలో ఏం జరుగుతుందో అక్కడా అదే జరుగుతుంది. మూడో పేజీలోనే ఒకరినొకరు సొంత పేర్లతో పిలుచుకునే నాయికా నాయకులకు ఆ క్షణం ఎప్పటికీ దక్కదు.

ఈ కట్టుబాట్లన్నిటికీ పునాది వివాహ చట్టం. 1753లో పార్లమెంటు ఆమోదించిన వివాహ చట్టం ప్రకారం ఇంగ్లండులో పెళ్ళి చెల్లాలంటే మూడు ఆదివారాలు చర్చిలో చాటింపు వేయించాలి, లేదా మతాధికారి నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి లైసెన్సు మీద పెళ్ళి కావాలంటే తండ్రి లేదా సంరక్షకుడి అంగీకారం తప్పనిసరి. స్కాట్లండుకు ఆ చట్టం వర్తించదు. అక్కడ సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెబితే పెళ్ళి అయిపోయినట్టే. సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అన్న పల్లెటూరు ఇన్ని నవలల్లోకి ఎక్కింది అందుకే. లండన్ నుంచి మూడు వందల మైళ్లకు పైబడిన ఆ దారిలో గుర్రాలు మార్చుకుంటూ రోజుల తరబడి చేసే ప్రయాణం, వెనుక తరుముకొచ్చే అన్నయ్య బండి, మధ్యలో విరిగే చక్రం ఇవన్నీ ఒక చట్టం పరిధి ఎక్కడ ముగుస్తుందన్న దాని నుంచి పుట్టిన కథలు.

పెళ్ళి జరిగాక తిరిగి వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. పునర్వివాహానికి వీలు కల్పించే పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాలి. 1857లో విధానం మారేదాకా అలా విడాకులు పొందగలిగిన స్త్రీలు నలుగురే. పెళ్ళితో భార్య చట్టపరమైన ఉనికి భర్తలో కలిసిపోతుంది. ఆమె చరాస్తి, సంపాదన అతనివి. బిడ్డల మీద హక్కు అతనిది. తండ్రి ముందుచూపున్నవాడై న్యాయవాదుల చేత ఒప్పందం రాయించి కొంత ఆస్తిని ధర్మకర్తల చేతిలో పెడితే తప్ప ఆమెకంటూ ఏమీ మిగలదు. ఏటా చేతిఖర్చుకు ఎంత, భర్త పోతే జీవనభృతి ఎంత అన్నవి పెళ్ళికి ముందే కాగితం మీద తేలవలసిన లెక్కలు. కట్నాల బేరాలు చూసిన సమాజానికి ఈ గదిలోని వాతావరణం కొత్తది కాదు.

ఈ చట్టాన్ని గుర్తుంచుకుంటే రీజెన్సీ నాయకుడి గురించి పాఠకులు అంత కఠినంగా ఎందుకు ఉంటారో అర్థమవుతుంది. ఆస్తి, సంతానం, శరీరం అన్నిటి మీదా అధికారాన్ని చట్టం ఒక మనిషికి అప్పగించినప్పుడు, ఆ స్త్రీకి మిగిలే రక్షణ ప్రధానంగా ఆ మనిషి స్వభావమే. కనుక నవల పొడవునా సాగేది ఒక విధంగా అతని మీద విచారణ. పనివాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడు, కౌలుదార్ల ఇళ్ల కప్పులు కారుతుంటే పట్టించుకుంటున్నాడా, తన చెల్లెలు భయం లేకుండా అతని ఎదుట నవ్వగలుగుతోందా, కోపం వచ్చినప్పుడు గుర్రాన్ని ఏం చేస్తున్నాడు అన్న చిన్న చిన్న సాక్ష్యాలను పాఠకులు ఒక్కటొక్కటిగా కూడబెట్టుకుంటారు. అతను డ్యూక్, అంటే ప్రభువుల్లో అత్యున్నత బిరుదు ఉన్నవాడు, కావడం ఆకర్షణే. నిజానికి ఆనాడు బ్రిటన్ మొత్తంలో డ్యూకులు కొద్ది పదుల మందే, వారిలో యువకులూ అవివాహితులూ మరీ అరుదు. నవలల్లో వందల కొద్దీ కనిపించడాన్ని పాఠకులు ఈ శాఖలోని ఆచారంగా ఒప్పుకుంటారు. బిరుదు విషయంలో చూపే ఈ ఉదారత స్వభావం విషయంలో చూపరు. విలాసపురుషుడు మంచివాడిగా మారిన కథ చెల్లాలంటే ఆ మార్పు పెళ్ళికి ముందే, తనకేమీ లాభం లేని చోట, పేజీ మీద కనిపించాలి. చివరి అధ్యాయంలో ఒక క్షమాపణతో సరిపెట్టిన నవలను మూశాక పాఠకుల మనసులో ఆ నాయిక కోసం ఒక దిగులు మిగిలిపోతుంది. ఆ దిగులే అసంతృప్తి.

నాయికకు డబ్బు లెక్క తెలిసి ఉండడం కూడా ఇంతే ముఖ్యం. ఆస్టెన్ పాత్రల్లో ఒక యువకుడు ఊళ్లోకి అడుగుపెట్టగానే అతని వార్షికాదాయం ఊరంతా పాకిపోతుంది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నాయకుడు డార్సీ పదివేల పౌండ్లు అలాగే ప్రసిద్ధమయ్యాయి. పెద్దింటి పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్‌కు ఏడాదికి దొరికేది కొద్ది పదుల పౌండ్లన్నది దాని పక్కన పెట్టి చూస్తే ఆ అంకెలోని భయమూ ఆశా రెండూ తెలుస్తాయి. ఆస్టెన్ స్వయంగా ఇది అనుభవించింది. 1805లో తండ్రి పోయాక తల్లీ ఇద్దరు కూతుళ్లూ అన్నదమ్ముల సాయం మీద ఆధారపడి, 1809లో ఒక అన్న ఇచ్చిన చిన్న ఇంట్లో స్థిరపడేదాకా చోట్లు మారుతూ గడిపారు. ఎస్టేటు మగ వారసుడికే చెందాలన్న కట్టడి ఉన్న ఇళ్లలో తండ్రి మరణమంటే కూతుళ్లకు ఇల్లు పోవడమే. పార్లమెంటు సమావేశాల కోసం పెద్ద కుటుంబాలు లండన్‌లో మకాం వేసే 'సీజన్' నెలల్లో పెళ్ళి సంబంధం కుదరాలి. గౌన్లు, బండి, అద్దె ఇల్లు కలిపి ఒక్కో సీజన్‌కు తల తాకట్టు పెట్టినంత పని, వెనుక చెల్లెళ్లు వరసలో ఉంటారు. ఆల్‌మాక్స్ సభామందిరంలో బుధవారం రాత్రి జరిగే నాట్యాలకు టిక్కెట్టు కొనాలన్నా కొందరు ప్రభువంశ స్త్రీల అనుమతి కావాలి, వారు కాదంటే ఇక ఆ తలుపు తెరుచుకోదు. ఇలాంటి స్థితిలో ఉన్న అమ్మాయి ఒక ధనవంతుడి ప్రతిపాదనను తిరస్కరించిందంటే ఆమె వదులుకున్నదేమిటో పాఠకులకు పౌండ్లలో తెలియాలి. అప్పుడే ఆ తిరస్కారం ధైర్యమవుతుంది.

ఇటీవలి నవలల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే ఉంది. నాయికను నేటి భావాలతో నింపి, ఆ భావాలకు ఆనాడు చెల్లించవలసిన మూల్యం నుంచి మాత్రం ఆమెను తప్పిస్తారు. ఆమె ఒంటరిగా అర్ధరాత్రి లండన్ వీధుల్లో తిరుగుతుంది, నలుగురిలో డ్యూక్‌ను నిలదీస్తుంది, ఎవరూ ఏమీ అనరు. స్వతంత్రంగా ఆలోచించిన స్త్రీలు ఆ కాలంలో లేరని కాదు. ఇంగ్లీషు రచయిత్రి మేరీ వుల్‌స్టోన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల మీద పుస్తకం ప్రచురించింది 1792లోనే. ఆమె మరణానంతరం ఆమె వ్యక్తిగత జీవితం బయటపడినప్పుడు లోకం ఆ పేరును ఎంతగా దూషించిందో కూడా చరిత్రలోనే ఉంది. ఆ రెండో సగాన్ని కూడా నవలలోకి తెచ్చినప్పుడే ఎదిరించిన నాయిక పాఠకుల మనసులో నిలుస్తుంది.

పెళ్ళితో మొదలయ్యే కథలు వేరే చెప్పుకోదగినవి. అప్పులో మునిగిన ఎస్టేటు కోసమో, పరువు కాపాడుకోవడానికో, సంరక్షకుడి బలవంతం మీదో పరిచయం అంతంతమాత్రంగా ఉన్న ఇద్దరు మూడో అధ్యాయంలోనే భార్యాభర్తలవుతారు, ప్రేమ ఆ తరువాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంది. పాశ్చాత్య పాఠకులు దీన్ని ఒక విచిత్రమైన కథా పరిస్థితిగా ఆస్వాదిస్తారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళి తరువాత ఒకరినొకరు తెలుసుకున్న తల్లిదండ్రులను చూసి పెరిగిన తెలుగు పాఠకులకు అది ఇంట్లో విన్న సంగతి. కొత్త ఇంట్లో తాళాల గుత్తి ఎవరి చేతిలో ఉందో, అత్తగారి చూపు ఎటు ఉందో, భర్త ఇష్టాయిష్టాలు పనివాళ్ల ద్వారా తెలుసుకోవలసి రావడం ఎలా ఉంటుందో వారికి వేరే వివరించనక్కరలేదు. ఈ తరహా కథలో తృప్తి ఎప్పుడు దక్కుతుందంటే, ఇక తప్పించుకునే వీలు లేని ఆ బంధంలో కూడా నాయికకు 'కాదు' అనే అవకాశం నాయకుడు తనంత తానుగా ఇచ్చినప్పుడు. చట్టం ఇవ్వని హక్కును మనిషి ఇచ్చిన ఆ సన్నివేశం సరిగా కుదిరితే నవలలోని మిగతా లోపాలన్నీ మన్నించవచ్చు.

చరిత్రలోని పెద్ద సంఘటనలు ఈ కథల్లో పొదుపుగా రావడమే మేలు. 1815 జూన్ 15 రాత్రి బ్రసెల్స్‌లో రిచ్‌మండ్ డచెస్ ఇచ్చిన నాట్యవిందు మధ్యలోనే నెపోలియన్ సేన వస్తోందన్న కబురు అంది, అధికారులు అక్కడి నుంచే యుద్ధానికి కదిలిపోయారు. మూడు రోజుల్లో వాటర్లూ యుద్ధం. వారిలో చాలామంది తిరిగి రాలేదు. అలాంటి రాత్రిని కథలోకి తెచ్చిన రచయిత దాన్ని వేషభాషల వర్ణనకు వాడుకుంటే అది ఆ మృతుల పట్ల కూడా అపచారమే అవుతుంది.

సంపద ఎక్కడిదన్న ప్రశ్నను మాత్రం పొదుపు పేరుతో దాటవేయడానికి వీల్లేదు. బ్రిటన్ 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించినా కరీబియన్ చెరకు తోటల్లో బానిసత్వం 1833 చట్టం వచ్చేదాకా కొనసాగింది, ఇంగ్లండులోని ఎన్నో భవంతులకు ఆ తోటల రాబడి చేరింది. మరికొన్ని భవంతులకు సొమ్ము ఈస్టిండియా కంపెనీ నుంచి వచ్చింది. ఇండియాలో డబ్బు గడించి తిరిగి వెళ్లిన మనిషిని ఇంగ్లీషువారు 'నాబోబ్' అన్నారు, మన నవాబు అన్న మాటే అలా మారింది. 1760లలో ఉత్తర సర్కారులు, 1800లో దత్త మండలాలు కంపెనీ పాలనలోకి వెళ్లాయి. కృష్ణా గోదావరి తీరాల్లోనూ కడప, అనంతపురం పల్లెల్లోనూ రైతు కట్టిన శిస్తు ఆ ఖజానాకే చేరేది. సి.పి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగింది 1817లో, ఆస్టెన్ కన్నుమూసిన సంవత్సరమే. అంటే రీజెన్సీ నవలలో ఇండియా నుంచి వచ్చిన మేనమామ హఠాత్తుగా నాయికకు ఇరవై వేల పౌండ్లు రాసిచ్చి కథను సుఖాంతం చేసినప్పుడు, తెలుగు పాఠకులకు ఆ డబ్బు మీద తమ ఊరి మట్టి కనిపించే అవకాశం ఉంది. ప్రేమ కథ ఆర్థిక చరిత్ర గ్రంథం కానక్కరలేదు. అయినా ఆ సొమ్ము ఎవరి చెమటో తెలిసిన నాయిక ఒక్క పేజీసేపు ఆగి ఆలోచించినా ఆమె సుఖం మీద పాఠకులకు నమ్మకం పెరుగుతుంది, ఆలోచించని నాయిక తెలివితేటల మీద అనుమానం కలుగుతుంది.

ఇక ముగింపు. నాయకుడి చివరి ప్రతిపాదన ఈ నవలల్లో అందరూ ఎదురుచూసే ఘట్టం, అది మొదటి ప్రతిపాదనకు జవాబుగా ఉన్నప్పుడే బాగా పండుతుంది. మొదటిసారి అతను తన గురించి మాట్లాడి ఉంటాడు: తన హోదా, తన త్యాగం, తన ఉదారత. రెండోసారి ఆమె గురించి మాట్లాడాలి, అదీ కథలో మనం చూసిన ఆమె గురించి, ఆమె ఎప్పుడో అన్న ఒక మాటనో చేసిన ఒక పనినో గుర్తుపెట్టుకుని. ఏ నాయికకైనా అతికిపోయే అందమైన వాక్యాలు ఎన్ని రాసినా అక్కడ చెల్లవు. ఆ తరువాత పెళ్ళి తతంగాన్ని చాలామంది రచయితలు రెండు పంక్తుల్లో ముగిస్తారు, లేదా పూలతో నింపేస్తారు. ఉదయం ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య, ఊరి చర్చిలో, చట్టం కోరిన రిజిస్టరు అక్కడ బల్ల మీద తెరిచి ఉంటుంది. సాక్షులు చూస్తుండగా వధువు అందులో సంతకం చేయాలి. ఆమె పుట్టింటి పేరుతో చేసే చివరి సంతకం అది. దాని తడి ఆరేలోపు ఆమె ఆస్తి, పేరు, ఉనికి చట్టం దృష్టిలో పక్కన నిలబడిన మనిషివి అయిపోతాయి. ఆమె కలం అందుకున్నప్పుడు పాఠకుల మనసులో ఒక్క బెదురు కూడా మిగలకపోతే ఆ రచయిత మూడు వందల పేజీల పనిని పూర్తి చేసినట్టే.